నాలుగు గంటలకు వచ్చేవాడు

"పద్నాలుగు ఉండాలి. పద్నాలుగే ఉన్నాయి," అంది రెమెదియోస్, ఇంట్లో అందరికీ రెమె.

ఫెర్మీన్ నమ్మలేదు. చెల్లెలి చేతిలోంచి నిద్రమాత్రల అట్ట లాక్కుని మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. ఇది మూడోసారి. వంటింటి బల్ల మీద అమ్మ మందులన్నీ కుప్పగా పడి ఉన్నాయి. రక్తపోటువి, గుండెవి, కీళ్ళనొప్పులవి.

కుప్పకు అవతల పెత్రోనీల చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎనభై మూడేళ్ళ మనిషి. నుదుటి మీద తెల్లటి కట్టు. నిన్న సాయంత్రం ముందుగదిలో కుర్చీలోంచి లేవబోయి దబ్బున పడింది. ఏడు కుట్లు. ఆరు వారాల్లో పడడం ఇది మూడోసారి.

పొయ్యి పక్కన గోడకు ఆనుకుని విసీ నిలబడి ఉంది. రోజూ ఉదయం నుంచి సాయంత్రం దాకా పెత్రోనీలను చూసుకోవడానికి మునిసిపాలిటీ పంపిన మనిషి. రెమెకూ తనకూ ఒకటే వయసు, ఒకే బడి. ఆమె కళ్ళు ఆ మాత్రల మీదే ఉన్నాయి.

"సరిపోయాయిగా, ఇంక వదిలెయ్ అన్నయ్యా," అంది రెమె.

అతను వదల్లేదు. పొద్దున్నే మాద్రిద్‌లో బయలుదేరి నాలుగు గంటలు ఆపకుండా కారు తోలుకొచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచి కోటు కూడా విప్పలేదు. నిన్న డాక్టరు ఏమన్నాడో చెల్లెలి చేత రెండుసార్లు చెప్పించుకున్నాడు. రక్తపోటు బాగానే ఉంది, గుండె బాగానే ఉంది, మెదడుకే వయసు మీద పడుతోందేమో, పరీక్షలు చేయించాలి. అంతకుమించి డాక్టరు ఏమీ అనలేదు.

"నాకొక విషయం అర్థం కావట్లేదు," అన్నాడు ఫెర్మీన్ చాలా మెల్లగా. అతను గొంతు తగ్గించాడంటే రెమెకు చిన్నప్పటి నుంచీ భయం. "మొదటిసారి పడింది మంగళవారం. రెండోసారి శుక్రవారం. నిన్న బుధవారం. ఆదివారం మాత్రం అమ్మకు ఏమీ కాదు. ఆదివారం నువ్వు మీ ఇంటికి తీసుకెళ్తే అమ్మ శుభ్రంగా భోంచేస్తుంది, అందరి పేర్లూ గుర్తుంటాయి, పేకాటలో నిన్నే ఓడిస్తుంది. నువ్వే చెప్పావు ఫోన్లో. అవునా?"

అవునంది రెమె.

"ఆదివారం రానిది ఎవరు?"

 పొయ్యి మీద శనగల కూర గిన్నె మూత టకటకా కొట్టుకుంటోంది. విసీ చెయ్యి చాచి మంట తగ్గించింది.

"మందులు నేను తప్పు ఇవ్వలేదు ఫెర్మీన్ గారూ," అంది. "డబ్బాలో రెమె ఏ గడిలో ఏది పెడితే అదే ఇస్తాను. ఒక్కటి ఎక్కువ కాదు, తక్కువ కాదు."

అంటూనే ఆమె ఒక్క క్షణం పెత్రోనీల వైపు చూసింది. పెత్రోనీల వెంటనే చూపు దించేసుకుంది. ఆ చూపు రెమె కంట పడింది.  వీళ్ళిద్దరి మధ్యా ఏదో ఉంది. తనకు చెప్పనిదేదో ఉంది.

"పిల్లను ఏమీ అనకు," అంది పెత్రోనీల హఠాత్తుగా. "మీ నాన్న కూడా అన్నారు, విసీ మంచిదని."

ఫెర్మీన్ చేతిలో అట్ట ఆగిపోయింది.

"ఎప్పుడన్నారమ్మా?"

"మొన్న. రోజూ నాలుగింటికి వస్తారుగా. నా ఎదురుగా కూర్చుంటారు. టోపీ మాత్రం తియ్యరు, ఎన్నిసార్లు చెప్పినా." ఆమె కొడుకు వైపు తిరిగింది. "నువ్వు కోటు తియ్యనట్టే."

నాన్న సెవెరియానో పోయి తొమ్మిదేళ్ళు. శవపేటికను మోసిన నలుగురిలో ఫెర్మీన్ ఒకడు.

అతను మాత్రలన్నీ ఒక సంచిలోకి ఊడ్చేశాడు. ఇక నాన్చడంలో అర్థం లేదన్నాడు. జిల్లా కేంద్రంలో వృద్ధాశ్రమంలో ఒక మంచం ఖాళీ అయిందట. రాత్రీ పగలూ నర్సులు ఉంటారు. ఈ సాయంత్రం ఐదులోగా వెళ్ళి సంతకం పెడితే రేపు పదింటికి వచ్చి తీసుకెళ్తారు. మాట్లాడేశాడు.

"నాతో మాట్లాడకుండానా?" అంది రెమె.

"నీతో మాట్లాడితే ఏమవుతుంది? ఏడుస్తావు. నవంబరులో గాలి కొడుతోందంటే కిటికీలన్నీ పీకించి రెండు అద్దాలవి కొత్తవి పెట్టించాను. కింద పడుతోందంటే తివాచీలు తీయించాను. మనిషిని పెట్టించాను. ఇంకేం చెయ్యమంటావు? ఈసారి పడితే లేస్తుందనుకుంటున్నావా?"

 రెమె నిన్న రాత్రి ఆసుపత్రి మంచం పక్కన అమ్మకు మాటిచ్చింది, నువ్వు ఒప్పుకోకుండా నిన్ను ఈ గడప దాటించనని.  ఇంట్లోనే ఉంచితే అమ్మ చచ్చిపోతుందేమో. పంపిస్తే కచ్చితంగా చచ్చిపోతుంది. రెండు వైపులా ఒకటే గొయ్యి.

పెత్రోనీల ఏడవలేదు, బతిమాలలేదు. బల్ల అంచును రెండు చేతులతో పట్టుకుని ఉండిపోయింది. ఆ వేళ్ళు తెల్లబడడం రెమె చూసింది.

విసీ అప్రాన్ విప్పి నాలుగు మడతలు పెట్టింది. దాని మీద ఇంటి తాళాలు పెట్టింది. ఒంటిగంటన్నర కూడా కాలేదు. ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయింది.

*

రెమె వీధి మలుపు దాకా ఆమె వెనకే పరిగెత్తింది. అన్నయ్య మాటలు పట్టించుకోవద్దంది. మునిసిపాలిటీకి తను నచ్చజెబుతానంది. విసీ ఏమీ విన్నట్టు లేదు. జనవరి గాలికి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయో, ఏడుస్తోందో తెలియలేదు.

"ఆదివారాలు నిజంగా అంత బాగుంటుందా?" అని అడిగింది చివరికి.

"బాగుంటుంది."

"తలనొప్పి కూడా ఉండదా?"

"ఉండదు. ఎందుకు?"

విసీ తల అడ్డంగా ఊపి, ఏదో లెక్క వేసుకుంటున్నదానిలా నడిచి వెళ్ళిపోయింది.

మందుల దుకాణం రెండింటికి మూసేస్తారు. మాత్రల జాబితా ఒకసారి చూపిద్దామని రెమె అటు వెళ్ళింది. అక్కడ ఊళ్ళో సగం మంది జలుబుతో వరసలో ఉన్నారు. ప్రతివాళ్ళూ మీ అమ్మకెలా ఉందని అడిగారు. దుకాణం ఆవిడ జాబితా అంతా చదివి, ఇందులో మనిషిని ఇలా పడేసేది ఏదీ లేదంది. ఆ మాటకు ధైర్యం రావాల్సింది పోయి రెమెకు ఇంకా భయమేసింది. మందులు కాకపోతే మరేమిటి?

తిరిగొచ్చేసరికి దాదాపు మూడు. ఫెర్మీన్ పెరట్లో కుళాయి కింద చేతులు కడుక్కుంటున్నాడు. అమ్మ చలేస్తోందంటే ముందుగదిలో కూర్చోబెట్టానన్నాడు. కోపం దిగిపోయినట్టుంది, ముఖం కాస్త మెత్తబడింది. సంతకం పెట్టి రెండు గంటల్లో వచ్చేస్తానని, అప్పటిదాకా అమ్మను ఒక్కదాన్నీ వదలొద్దని చెప్పి కారెక్కాడు.

ముందుగదిలో పెత్రోనీల తన గుండ్రటి బల్ల దగ్గర కూర్చుంది. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఉండే బల్లే. నేలదాకా వేలాడే మందపాటి దుప్పటి, దాని కింద వెచ్చదనం, ఆ దుప్పటిని మోకాళ్ళ మీదకు లాక్కుని చలికాలమంతా కూర్చోవడం. గదిలోకి ఎక్కడినుంచీ చలి రాకుండా రెమె తలుపు మూసింది. ఇసుక పోసి తనే కుట్టిన గుడ్డ గొట్టాన్ని కాలితో తలుపు అడుగున గట్టిగా తోసింది.

కుర్చీ లాక్కుని అమ్మకు ఎదురుగా కూర్చుంది. నాన్న కూర్చునే చోటు.

నాలుగింటికి ఎవరొస్తారో తన కళ్ళతో చూడాలి. అది పిచ్చి ఆలోచనని తనకే తెలుసు. కానీ నాలుగింటికి ఏదో జరుగుతోంది. పడిన మూడుసార్లూ నాలుగు దాటాకే పడింది.

"నన్ను పంపించేస్తారా?" అంది పెత్రోనీల.

"లేదమ్మా."

"నువ్వు చిన్నప్పటి నుంచీ అబద్ధం చెప్పేటప్పుడు ముక్కు గోక్కుంటావు."

రెమె ముక్కు మీదనుంచి చెయ్యి తీసింది. ఇద్దరూ నవ్వారు. కాసేపు పాత సంగతులు మాట్లాడుకున్నారు. పంది కోసిన రోజు ఫెర్మీన్ భయపడి అటక మీద దాక్కోవడం, ఆలివ్‌లు దులపడానికి వెళ్ళి నాన్న చెట్టు మీదనుంచి పడడం. కాళ్ళ దగ్గర హాయిగా వెచ్చగా ఉంది. రాత్రి నిద్ర లేదు కదా, రెమెకు రెప్పలు బరువెక్కాయి. కణతల దగ్గర నొప్పి మొదలైంది. అన్నయ్యతో గొడవ పడిన ప్రతిసారీ వచ్చే నొప్పే అనుకుంది.

గోడ గడియారం నాలుగు కొట్టింది. రెమె లెక్కపెట్టింది. అయిదు వినిపించాయి.

అప్పుడు ఎవరో దగ్గారు.

పొడిదగ్గు. పొగాకు దగ్గు. తన వెనక, భుజానికి దగ్గరగా. రెమె వెన్ను జివ్వుమంది. తిరిగి చూడాలనుకుంది. మెడ తిరగలేదు.

"వచ్చారా," అంది పెత్రోనీల, రెమె భుజం మీదుగా చూస్తూ. ముఖమంతా వెలిగిపోతోంది. బుగ్గలు ఆపిల్ పండులా ఎర్రగా ఉన్నాయి. "పిల్ల కూడా ఉందివాళ. కూర్చోండి."

రెమె నోరు తెరిచింది. నాలుక దూదిలా అడ్డంపడింది. కంటి చివర ముదురు గోధుమరంగు కోటు చెయ్యి కదిలినట్టయింది. పాదాల నుంచి పైకి భయం పాకింది. కానీ ఆ భయం కూడా ఎక్కడో దూరంగా, నీళ్ళ కింద ఉన్నట్టుంది. అదే అన్నిటికంటే భయంగా ఉంది.

పెత్రోనీల నవ్వుతూనే పక్కకు ఒరిగింది. తల బల్ల అంచుకు తగిలి, మనిషి నెమ్మదిగా దుప్పటి లాక్కుంటూ కిందికి జారింది.

అమ్మను పట్టుకుందామని రెమె వంగింది. దుప్పటి లేచింది.

బల్ల కింద, తను కొనిచ్చిన కరెంటు హీటరు ఉండాల్సిన చోట హీటరు లేదు. పాత ఇత్తడి కుంపటి ఉంది. పైన మెత్తటి బూడిద. బూడిద కింద బొగ్గులు ఎర్రగా, చప్పుడు లేకుండా కాలుతున్నాయి.

రెమెకు ముక్కలు ముక్కలుగా అర్థమైంది. బొగ్గు. మూసిన తలుపు. చుక్క గాలి జొరబడని కొత్త కిటికీలు. చెక్క కిటికీలున్న రోజుల్లో గాలి ఈలవేస్తూ తిరిగేది ఈ గదిలో. దాని గురించే అమ్మ పోయిన ఏడాదంతా సణిగింది.

లేవాలి. మోకాళ్ళు తనవి కావు. కుర్చీతో సహా కూలబడింది. తలుపు మూడు బారల దూరం. మోచేతుల మీద పాకింది. ఒక బార పాకాక ఎటు పాకుతోందో మర్చిపోయింది. మళ్ళీ గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి అమ్మ చీలమండ పట్టుకుని లాగింది. కదల్లేదు. వదిలేసి తలుపు వైపు వెళ్తే తను బతుకుతుంది. ఆ ఆలోచన చాలా స్పష్టంగా వచ్చింది. రెమె ఆ చీలమండను వదల్లేదు.

ఇంతలో పెరటి వైపునుంచి పరుగు వినిపించింది, తలుపు అటునుంచి కొట్టుకుంది. ఇసుక గొట్టం అడ్డుపడి ఆగింది. మళ్ళీ భుజంతో ఎవరో గుద్దారు. చల్లటి గాలి ముఖం మీద పడింది.

*

పెరట్లో రాళ్ళ మీద రెమె వాంతి చేసుకుంది. పక్కనే విసీ మోకాళ్ళ మీద కూర్చుని పెత్రోనీల చెంపల మీద కొడుతోంది, వీపు రుద్దుతోంది, పేరు పెట్టి పిలుస్తోంది. మధ్యమధ్య ఏడుస్తూ ఏదో చెబుతోంది. డిసెంబరు నుంచి రోజూ తనే వెలిగించానంది. కరెంటు వేడి ఎముకల్లోకి దిగట్లేదని పెద్దమ్మ బతిమాలిందట. పిల్లలకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుందట.

"పొగ పోయేదాకా పెరట్లోనే ఉంచేదాన్ని రెమే. ఎర్రబడ్డాకే లోపలికి తెచ్చేదాన్ని. మా అమ్మా అంతే, మా అమ్మమ్మా అంతే. పొగ లేకపోతే ఏమీ కాదనే కదా అందరం అనుకుంటాం. ఇంటికెళ్ళి ఆలోచించాను, ఆదివారం నేను చెయ్యనిది ఏమిటా అని. ఇదొక్కటే."

పెత్రోనీల దగ్గింది. ఒకసారి, ఇంకోసారి. తర్వాత ఊపిరి పీల్చింది, గొంతులో గరగరమంటూ. రెమె జీవితంలో అంత అందమైన చప్పుడు వినలేదు.

విసీ పిలిచిన అంబులెన్సూ ఫెర్మీన్ కారూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. నర్సు ముందుగదిలోకి తొంగిచూసి, ఊపిరి బిగబట్టి వెళ్ళి కుంపటిని పెరట్లోకి ఈడ్చింది. బొగ్గు వదిలే ఈ విషవాయువుకు రంగూ వాసనా ఉండవంది. ఈ చలికాలంలో తను చూసిన మూడో ఇల్లంది. లేని మనుషులు కనిపించడం, మాటలు వినిపించడం కూడా దీనివల్లే అంది. తల్లీకూతుళ్ళిద్దరికీ ముఖాలకు ఆక్సిజన్ ముసుగులు తగిలించింది. స్ట్రెచరు ఒక్కటే ఉంది, ముందు పెద్దావిడ, కూతురికి ఇంకో బండి ఇరవై నిమిషాల్లో వస్తుందంది.

ఫెర్మీన్ కుంపటిని చూస్తూ నిలబడిపోయాడు. ముఖంలో రక్తం లేదు.

"ఇది ఎవరు వెలిగించారు?" అని అడిగింది నర్సు, కాగితం తీసి. "ఆసుపత్రిలో రాయాలి."

విసీ నోరు తెరవబోయింది. స్ట్రెచరు మీదనుంచి పెత్రోనీల చేత్తో ముసుగు పక్కకు లాగింది.

"నేనే," అంది. "ఎవరికీ తెలీదు. నేనే వెలిగించుకున్నాను."

 విసీని కాపాడడానికే అమ్మ అలా అంటోంది. కానీ బల్ల కింద తనే నిప్పు పెట్టుకునే ముసలమ్మను ఇక ఎవరు ఇంట్లో ఉండనిస్తారు? ఆ కాగితం మీద ఆ మాట పడితే అమ్మ ఇక ఈ గడప తొక్కదు. విసీ పేరు చెబితే ఆమె బతుకు అయిపోతుంది.

రెమె తన ముసుగు తీసింది.

"అమ్మ కాదు. నేను," అంది.

నర్సు కలం ఆగింది. పెత్రోనీల కళ్ళు పెద్దవయ్యాయి, తల అడ్డంగా ఊపింది. ఫెర్మీన్ మెల్లగా చెల్లెలి వైపు తిరిగాడు. అతను అరుస్తాడనుకుంది, తిడతాడనుకుంది. అతను అసలు ఏమీ అనలేదు. నిజమా అని అడగలేదు. ఎందుకు చేశావని అడగలేదు. ఎవరో పరాయి మనిషిని చూసినట్టు చాలాసేపు చూశాడు.

"అలా అయితే అమ్మతో నేను వెళ్తాను," అన్నాడు చివరికి. "ఆసుపత్రి నుంచి నేరుగా ఆశ్రమానికే. నువ్వు రావద్దు రెమే."

అతను అంబులెన్సు ఎక్కాడు. తలుపులు పడ్డాయి. పడేలోపల అమ్మ చెయ్యి దుప్పటి కిందనుంచి బయటికొచ్చి గాల్లో దేనికోసమో వెతకడం రెమెకు కనిపించింది.

సైరన్ వీధి దాటింది. పెరట్లో ఇద్దరే మిగిలారు. విసీ వచ్చి పక్కన రాళ్ళ మీద కూర్చుంది. 

"అబద్ధం ఎందుకు చెప్పావు?"

"నీ పేరు రాకూడదని. అమ్మ పేరూ రాకూడదని. నువ్వు వెలిగించావని చెబితే నిన్ను..."

"రెమే." విసీ ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు మంచులా ఉంది. "ఇవాళ నేను వెలిగించలేదు."

రెమెకు అర్థం కాలేదు. ఇంకా తల తిరుగుతూనే ఉంది.

"రోజూ గిన్నెలు కడిగాక, రెండింటికి వెలిగిస్తాను. ఇవాళ ఒంటిగంటన్నరకే వెళ్ళిపోయాను. నేను వెళ్ళేటప్పుడు కుంపటి కొట్టంలోనే ఉంది, బోర్లించి. నిన్నటి బూడిద కూడా పారబోసేశాను."

రెమె చల్లారుతున్న బొగ్గుల వైపు చూసింది. అమ్మ నేల మీదకు వంగి రెండేళ్ళయింది. పడిపోయిన చెంచా కూడా తీసుకోలేదు. ఇన్ని బొగ్గులు పేర్చి, నిప్పు రాజేసి, ఎర్రబడేదాకా విసిరి, అంత బరువు కుంపటిని ఎత్తి బల్ల కింద పెట్టడం...

కుళాయి కింద చేతులు కడుక్కుంటున్న అన్నయ్య గుర్తొచ్చాడు. ఆమె ఫోన్ తీసి అతని నంబరు నొక్కింది. ఒకసారి మోగింది. రెండుసార్లు మోగింది. కట్ అయింది.

రెండోసారి చేస్తే ఫోన్ ఆపేసి ఉంది.